ఎర్ర దీపం వెలిగితే బండి ఆపండి



మన పల్లెల్లో ఈ రోజుల్లో అనేకుల ఇంటి ముందు ఒక పాత కారు నిలిచి ఉంటుంది. పట్నంలో ఎవరో పది పన్నెండేళ్ళు వాడి అమ్మిన మారుతీ 800, లేక ఆల్టో, లేక ఓమ్ని వ్యాను. మారుతీ 800 తయారీ 2014లోనూ, ఓమ్ని తయారీ 2019లోనూ ఆగిపోయినా ఆ బండ్లు మన రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నవి. నొప్పులు వచ్చిన కోడలిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చేది ఆ బండే. కూరగాయల గంపలు సంతకు మోసేది అదే. నడవలేని ముసలి తల్లిని ఆదివారం ఆరాధనకు తెచ్చేదీ అదే.

ఆ కారులో స్టీరింగు ఎదుట ఉండే చిన్న దీపాలను గూర్చి ఈ నెల ఆలోచించుదాము. దీపం వెలిగినప్పుడు మనవారు సాధారణంగా రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు “పాత బండి గదా, వెలుగుతూనే ఉంటుంది” అని నడుపుతూ పోతారు. మరికొందరు భయపడి, మొదట కనబడిన షెడ్డులో బండిని అప్పగించి, చెప్పిన సామానంతా మార్పించి, అప్పు తెచ్చి బిల్లు కడతారు. మొదటివారికి ఇంజను పోతుంది, రెండవవారికి డబ్బు పోతుంది. దీపం దేనిని గూర్చి చెబుతున్నదో, ఎంత తొందరగా చెబుతున్నదో తెలిసికొంటే ఈ రెండు నష్టాలూ చాలావరకు తప్పించుకొనవచ్చు. దీనికి పెద్ద చదువు అక్కరలేదు.

రంగును బట్టి తొందర

మొదట రంగు చూడండి. ఎర్ర దీపం అంటే ఇప్పుడే ఆగమని. పసుపు దీపం అంటే నెమ్మదిగా వెళ్ళవచ్చు గాని త్వరలో చూపించుకొనమని. ఆకుపచ్చ, నీలం దీపాలు ఇండికేటరు, హెడ్‌లైటు వంటివి పని చేస్తున్నవని చెప్పేవి మాత్రమే. ఈ నియమానికి ఒక మినహాయింపు ఉన్నది. ఇంజను బొమ్మ గల పసుపు దీపం ఆరుతూ వెలుగుతూ మినుకుమంటే దానిని ఎర్ర దీపంతో సమానంగా ఎంచవలెను. కారణం తరువాత చెబుతాను.

రెండవ సంగతి తాళం పరీక్ష. ఇంజను స్టార్ట్ చేయక ముందు తాళాన్ని ‘ఆన్’ వరకు మాత్రమే తిప్పి ఆపండి. ఆయిలు, బ్యాటరీ, ఇంజను బొమ్మ గల దీపాలు వెలగాలి. స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో అవి ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగని దీపం ఉన్న యెడల దాని బల్బు మాడిపోయి ఉండవచ్చు, లేక ఎవరో కావాలని పీకివేసి ఉండవచ్చు. పాత కారు కొనేటప్పుడు ఈ పరీక్ష తప్పక చేయండి. జబ్బును దాచి అమ్మేవారు మొదట తీసేది ఆ బల్బునే.

ఆయిలు దీపం

నూనె డబ్బా మూతి నుండి చుక్క కారుతున్నట్టు ఉండే ఎర్ర దీపం అన్నింటికంటె ప్రమాదకరమైనది. ఇది ఆయిలు ఎంత ఉన్నదో చెప్పదు, ఆయిలు ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. ఒత్తిడి లేకపోతే క్రాంకు బేరింగులకు ఆయిలు అందదు. ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. అట్లా కొద్ది నిమిషాలు నడిచినా ఇంజను పట్టివేయవచ్చు. అప్పుడు ఇంజను విప్పి చేయించే పనికి కారు కొన్న ధరలో పెద్ద భాగం, ఒక్కొక్కసారి మొత్తం ధర కూడా అయిపోతుంది.

అందుచేత ఈ దీపం వెలగగానే పక్కకు తీసి ఇంజను ఆపండి. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లే ఉన్నదని వెళ్ళవద్దు. పది నిమిషాలు ఆగి, బండి సమంగా ఉన్న నేల మీద ఉండగా డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీసి చూడండి. ఆయిలు కింది గీతకు తక్కువగా ఉంటే సరైన గ్రేడు ఆయిలు పోయండి. చాలా కార్లలో కింది గీతకు పై గీతకు మధ్య తేడా సుమారు ఒక లీటరు ఉంటుంది. కొద్దికొద్దిగా పోసి చూడండి గాని పై గీతను దాటించవద్దు. ఆ తరువాత స్టార్ట్ చేస్తే కొద్ది సెకన్లలో దీపం ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపి, బండిని తాడు కట్టి లాగించుకొని వెళ్ళండి.

ఆయిలు సరిగానే ఉండి దీపం వెలిగితే, ఇంజను విప్పక ముందు చూడవలసినవి రెండు ఉన్నవి. మొదటిది ఇంజను పక్కన బిగించి ఉండే ఆయిలు ప్రెషరు స్విచ్. పాత కార్లలో దీనికి ఒకే వైరు ఉంటుంది, స్విచ్ ఖరీదు కొద్ది వందల రూపాయలే. ఇంజను ఆపి, తాళం ‘ఆన్’లో ఉంచి ఆ వైరును స్విచ్ నుండి పీకండి. అప్పుడు దీపం ఆరాలి. ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకొని బాడీకి తగులుతున్నదని అర్థం. రెండవది, వైరు బాగున్న యెడల మెకానిక్ ఆ స్విచ్ విప్పి, దాని స్థలంలో ప్రెషరు గేజి బిగించి నిజమైన ఒత్తిడిని కొలవగలడు. ఒత్తిడి బాగుంటే స్విచ్ మార్చితే చాలు. గేజి పెట్టి చూడకుండా “ఇంజను బోరుకు వచ్చింది” అని ఎవరైనా చెబితే ఒప్పుకొనవద్దు. గేజి పెట్టకుండా “స్విచ్ పోయిందిలే, ఏం కాదు” అని చెప్పినా ఒప్పుకొనవద్దు.

ఇంజను వేడెక్కిన తరువాత, బండి నిలిపి ఉన్నప్పుడు మాత్రమే దీపం మినుకుతూ, రేజ్ చేస్తే ఆరిపోతుంటే ఆయిలు పలుచబడి ఉండవచ్చు, లేక చాంబరులోని జల్లెడకు మడ్డి పట్టి ఉండవచ్చు, లేక బేరింగులు అరిగి ఉండవచ్చు. తక్కువ ఖర్చుది మొదట చేయండి. ఆయిలు, ఫిల్టరు మార్పించి, అవసరమైతే చాంబరు దింపి జల్లెడ కడిగించి, ఆ తరువాత గేజి పెట్టించండి.

బ్యాటరీ దీపం

బ్యాటరీ బొమ్మ గల ఎర్ర దీపం వెలిగితే అనేకులు వెళ్ళి కొత్త బ్యాటరీ కొంటారు. ఈ దీపం చెప్పేది బ్యాటరీ పాడైందని కాదు, దానికి చార్జింగు అందడం లేదని. మన మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు కరెంటు ఇవ్వడం లేదన్నమాట. కొత్త బ్యాటరీ పెట్టినా మరునాటికి అదీ దిగిపోతుంది.

మొదట బానెట్ ఎత్తి బెల్టు చూడండి. చాలా చిన్న కార్లలో డైనమోను, వాటర్ పంపును ఒకే బెల్టు తిప్పుతుంది. అది తెగితే చార్జింగు ఆగడమే గాక నీళ్ళు కూడా తిరగవు, ఇంజను కాలిపోతుంది. గనుక బెల్టు లేని బండిని నడపవద్దు. బెల్టు ఉండి వదులుగా ఉంటే బిగిస్తే సరిపోతుంది.

బెల్టు బాగున్న యెడల టెర్మినళ్ళు చూడండి. తెల్లగా, పచ్చగా పూత పట్టి ఉంటే ముందుగా నెగటివ్ వైరు, తరువాత పాజిటివ్ వైరు విప్పి, వేడినీళ్ళలో తినే సోడా కలిపి బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పైన కొంచెం వ్యాజ్‌లిన్ రాయండి. ఈ పనికి ఖర్చు పది ఇరవై రూపాయలు.

మూడవది మల్టీమీటరు. ఇది ఎలక్ట్రికల్ షాపులలో కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్న తరువాత మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.5 వరకు ఉంటే చార్జింగు బాగున్నట్టు. ఇంజను నడుస్తున్నా 13 కంటె తక్కువ ఉంటే చార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు చెడిపోయి బ్యాటరీని ఉడకబెడుతున్నది. చార్జింగు లేని యెడల కొత్త ఆల్టర్నేటరు కొనక ముందు ఆటో ఎలక్ట్రీషియన్ చేత దానిని విప్పించి కార్బన్ బ్రష్షులు చూపించండి. అవి అరిగిపోవడం సాధారణం. వాటిని మార్చే ఖర్చు కొత్తదాని ఖర్చులో చిన్న భాగమే.

వేడి ముల్లు, వేడి దీపం

వేడి ముల్లు ఎర్ర గీతకు చేరినా, ఎర్ర థర్మామీటరు బొమ్మ వెలిగినా ఏసీ ఆపండి. హీటరు ఉంటే పూర్తిగా పెట్టండి, అది ఇంజను వేడిని కొంత లాగుతుంది. పక్కకు తీసి ఇంజను ఆపండి. రేడియేటరు మూత వెంటనే తీయవద్దు. లోపలి నీరు ఆవిరితో ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి. కనీసం అరగంట ఆగి, మందపాటి గుడ్డ వేసి, కొంచెం కొంచెంగా తిప్పండి. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించవద్దు, హెడ్డు పగలవచ్చు.

నీళ్ళు తగ్గి ఉంటే ఎక్కడ కారుతున్నవో వెదకండి. గొట్టాలు, క్లిప్పులు, వాటర్ పంపు కింది భాగం చూడండి. నీళ్ళు సరిగానే ఉండి, బండి ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతుంటే రేడియేటరు ఫ్యాను తిరగడం లేదేమో చూడండి. మొదట దాని ఫ్యూజు చూడండి. తరువాత ఎలక్ట్రీషియన్ చేత ఫ్యాను స్విచ్ వైర్లు రెండూ కలిపి చూపించండి. ఫ్యాను తిరిగితే స్విచ్ పోయినట్టు, తిరగకపోతే మోటారు, రిలే, వైరింగు చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన టీ వలె కనబడితే మాత్రం నీళ్ళు ఆయిలులో కలుస్తున్నవి. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు గనుక ఇక నడపవద్దు.

మన ప్రాంతాల్లో రెండు అలవాట్లు మానుకొనవలసి ఉన్నది. మొదటిది రేడియేటరులో బోరు నీళ్ళు పోయడం. ఆ నీళ్ళలోని ఉప్పులు వేడికి సున్నపు పొరగా పేరుకొని సన్నని గొట్టాలను మూసివేస్తాయి. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పోయడమే చివరకు చవక. రెండవది “వేడెక్కదులే” అని థర్మోస్టాట్ వాల్వు పీకివేయడం. ఇంజెక్షను కార్లలో ఇంజను ఎప్పటికీ చల్లగానే ఉన్నదని కంప్యూటరు అనుకొని పెట్రోలు ఎక్కువగా పంపుతుంది. మైలేజి పడిపోతుంది, ఇంజను దీపం కూడా వెలగవచ్చు.

బ్రేకు దీపం

గుండ్రని గీతలో ఆశ్చర్యార్థకం గల ఎర్ర దీపం వెలిగితే ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందో లేదో చూడండి. దిగినా వెలుగుతుంటే బానెట్ కింద బ్రేకు ఆయిలు డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిలు మెల్లగా తగ్గడం సహజం. అప్పుడు ఆయిలు పోసి ఊరుకొనక ప్యాడ్లు చూపించండి. రాత్రికి రాత్రే తగ్గితే ఎక్కడో కారుతున్నది. నాలుగు చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. పెడలు మెత్తగా కిందికి పోతుంటే ఆ బండి అంగుళం కూడా కదలరాదు.

మూత మీద రాసి ఉన్న డాట్ 3 లేక డాట్ 4 ఆయిలే, సీలు ఉన్న డబ్బా నుండి పోయండి. ఇంజను ఆయిలు ఒక్క చెంచా పోసినా లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు మొత్తం చెడుతుంది. పసుపు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు సాధారణంగా పని చేస్తుంది. చక్రం దగ్గరి సెన్సరుకు బురద పట్టిందేమో, వైరు తెగిందేమో చూపించండి. ఎర్ర బ్రేకు దీపం, ఏబీఎస్ దీపం రెండూ కలిసి వెలిగితే ఆగిపోండి.

ఇంజను బొమ్మ

అందరినీ ఎక్కువగా కలవరపెట్టేది ఈ పసుపు దీపమే. ఇది నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే భయపడవద్దు, ఆ వారంలో చూపించండి. మినుకుతూ బండి కుదుపుతుంటే ఒక సిలిండరులో పెట్రోలు మండడం లేదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి వెళ్ళి మండి దానిని కరిగిస్తుంది. అది చాలా ఖరీదైన భాగం. అందుకే మినుకు దీపాన్ని ఎర్ర దీపంతో సమానంగా ఎంచమన్నాను.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుండి కార్లకు ఓబీడీ 2 అనే పద్ధతి తప్పనిసరి అయింది. అట్టి కార్లలో స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. దానిలో పెట్టి సెల్‌ఫోనులో కోడు చదివే చిన్న పరికరం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అంతకంటె పాత ఇంజెక్షను కార్లలో కొన్నింటికి దీపం ఎన్నిసార్లు మినుకుతున్నదో లెక్కపెట్టి కోడు తెలిసికొనే మెకానిక్కులు ఉన్నారు.

అయితే ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. కోడు ఏ భాగం మార్చాలో చెప్పదు, ఎక్కడ వెదకాలో చెబుతుంది. పీ0301 అంటే మొదటి సిలిండరు సరిగా మండడం లేదని. ఆ సిలిండరు స్పార్క్ ప్లగ్గును రెండవ దానిలోకి మార్చి బిగించి నడపండి. కోడు పీ0302గా మారితే తప్పు ప్లగ్గుదే. మారకపోతే, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కాయిలు ఉన్న కార్లలో కాయిలుతో కూడా ఇట్లే చేయవచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. పీ0171 అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదని. చీలిన గాలి గొట్టం, మూసుకుపోయిన పెట్రోలు ఫిల్టరు ముందు చూసి, ఆ తరువాతే సెన్సరు మాట ఎత్తాలి. పీ0420 అంటే కన్వర్టరు సరిగా పని చేయడం లేదని. దానిని మార్చక ముందు సైలెన్సరు పైపు లీకు, ఆక్సిజన్ సెన్సరు చూపించండి.

బాగు చేయకుండా కోడు చెరిపివేసినా, బ్యాటరీ వైరు పీకి దీపం ఆర్పినా కొద్ది రోజుల్లో మళ్ళీ వెలుగుతుంది. అది రిపేరు కాదు, దానికి డబ్బు ఇవ్వవద్దు.

పల్లెల్లో ఈ దీపానికి మరొక కారణం ఎలుకలు. వాన కాలంలో, గడ్డివాము పక్కన, ధాన్యపు కొట్టు పక్కన నిలిపిన బండిలోకి ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. బండి నాలుగు రోజులు కదలక ఉంటే తీసే ముందు బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. కొరికిన రెండు మూడు వైర్లను టంకం వేసి, ట్యూబు తొడిగి అతికితే సరిపోతుంది. మొత్తం వైరింగు మార్చాలంటే ఇంకొకరిని అడిగి చూడండి. రబ్బరు పెట్రోలు గొట్టాలను కూడా అప్పుడే చూడండి. ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది, చాలా పాత కార్ల రబ్బరు దానికోసం చేసినది కాదు. పగుళ్ళు, వాసన ఉంటే వెంటనే మార్పించండి.

షెడ్డులో అడగవలసినది

మెకానిక్‌ను అవమానించవద్దు, గుడ్డిగా నమ్మనూ వద్దు. “అన్నా, దీపం ఎప్పుడు వెలుగుతున్నదంటే…” అని వివరంగా చెప్పండి. స్టార్ట్ చేయగానేనా, వేడెక్కిన తరువాతా, గుంతలో పడినప్పుడా, వానలోనా? ఈ మాటలే అతని పనిని సగం తగ్గిస్తాయి. తరువాత “మార్చక ముందు ఏం పరీక్ష చేశావన్నా?” అని అడగండి. మంచి పనివాడు సంతోషంగా చెబుతాడు. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు, వెలిగిన దీపం, చేయించిన పని ఒక చిన్న నోటుబుక్కులో రాసి బండిలోనే ఉంచండి.

చివరిగా, ఈ వారం ఒక సాయంత్రం ఇంట్లో బండి నడిపేవారందరినీ పిలిచి, తాళం ‘ఆన్’ చేసి దీపాలన్నీ చూపించండి. ఎక్కువ ఇంజన్లు పోయేది దీపం అర్థం కాక కాదు. “ఆలస్యమైతే నాన్న కోప్పడతాడు” అని పిల్లవాడు బండి ఆపకపోవడం వలన. గనుక అతనితో ముందుగానే చెప్పండి: “ఎర్ర దీపం వెలిగితే ఎక్కడున్నా ఆపి మాకు ఫోను చెయ్యి నాయనా. ఎంత ఆలస్యమైనా నిన్ను ఎవరూ ఏమీ అనరు.”